నాన్నగారితో లండన్, వియన్నా వెళ్తున్నాం: ఒపేరా, నాటకాలు ఎలా చూడాలి?

బీటీఎం_సుధ:

అందరికీ నమస్తే. బెంగళూరులో ఉంటూ నాటకాలు చూసేవాళ్లు, విదేశాల్లో ఒపేరాలు (కథని పాటలతో నడిపే నాటకాలు) అవీ చూసొచ్చినవాళ్లు మన గ్రూపులో ఉన్నారని తెలిసే అడుగుతున్నాను. మావారికి లండన్‌లో ఆఫీసు పని పడింది. ఎలాగూ ఆయన వెళ్తున్నారు కదా అని నేను, మా నాన్నగారు, పదేళ్ల మా బాబు కూడా బయల్దేరుతున్నాం. జూన్ ఆఖరి వారం లండన్, జూలై మొదటి వారం వియన్నా అనుకున్నాం. ఫ్లైట్ టికెట్లు ఇంకా తీసుకోలేదు, వీసా అపాయింట్‌మెంట్ల కోసం చూస్తున్నాం.

నాన్నగారిది తెనాలి దగ్గర పల్లెటూరు, తెలుగు పండితులుగా రిటైరయ్యారు. వయసులో ఉన్నప్పుడు పద్యనాటకాల్లో కృష్ణుడి వేషం కట్టేవారు. ఆ నాటకాల్లో పేరున్న నటులు పీసపాటి గారు పద్యం ఎలా ఎత్తుకునేవారు, అదే పద్యం షణ్ముఖి గారి గొంతులో ఎలా ఉండేదో ఇప్పటికీ పాడి చూపిస్తారు. అమ్మ పోయాక మా దగ్గరికి వచ్చేశారు. ఇక్కడ భాష రాదు, స్నేహితులు లేరు, రోజంతా ఫోన్‌లో పాత నాటకాలు వింటూ కూర్చుంటారు. కోటలు, మ్యూజియాలు తిప్పితే కాదనరు కానీ ఆయన మనసు స్టేజీ మీదే. అందుకని ఈ ట్రిప్‌లో షాపింగ్ తగ్గించుకునైనా ఆయనకు మంచి నాటకం ఒకటి, ఒపేరా ఒకటి చూపించాలని నా పట్టుదల.

నా సందేహాలు ఇవి. జర్మన్, ఇటాలియన్ మాకు ఒక్క ముక్క రాదు, నాన్నగారికి విసుగేస్తుందా? ఆయనకు మోకాళ్ల నొప్పులు, గంటల తరబడి నిలబడలేరు, ఎక్కువ మెట్లు ఎక్కలేరు. సూట్లు వేసుకోవాలా? టికెట్లు ఎంతలో దొరుకుతాయి? బాబుని లోపలికి రానిస్తారా? వీధుల్లో ఉండే శిల్పాలు, గోడల మీది బొమ్మలు లాంటివి ఏవి వాడికి నచ్చుతాయి? తెలిసినవాళ్లు వివరంగా రాయండి, ప్లీజ్.


ఇందిరానగర్_వాసు:

సుధ గారూ, అన్నిటికంటే ముందు మీ ఊళ్లు రెండూ తారుమారు చేయండి. వియన్నా స్టేట్ ఒపేరా సీజన్ సెప్టెంబర్‌లో మొదలై జూన్ ఆఖరుకి అయిపోతుంది, జూలై, ఆగస్టుల్లో అక్కడ ఒపేరాలు వేయరు. మీరు జూలైలో వెళ్తే ఆ భవనాన్ని బయట నుంచి ఫొటో తీసుకుని రావాల్సిందే. లండన్‌కి ఆ ఇబ్బంది లేదు. వీసాకి తేదీలు ఇవ్వకముందే ఈ మార్పు చేసుకోవడం మంచిది, తర్వాతయితే టెన్షన్. ఎలా చూసినా జూలైయే కుదురుతుందంటే మాత్రం, అక్కడ సిటీ హాల్ ముందున్న మైదానంలో వేసవి రాత్రుళ్లు పెద్ద తెర కట్టి ఒపేరాల, కచేరీల వీడియోలు ఉచితంగా వేస్తారు. బాగుంటుంది కానీ తెర తెరే, స్టేజీ స్టేజీయే.

నాన్నగారికి విసుగేస్తుందా అన్నారు. పద్యనాటకం తెలిసిన మనిషికి ఒపేరా విసుగేయదని నేను గట్టిగా నమ్ముతాను. మన రాయబారం సీనులో రాయబారం చెడిపోతుందని టికెట్ కొన్న ప్రతివాడికీ ముందే తెలుసు. అయినా తెల్లవారేదాకా కూర్చునేది, ఈ కృష్ణుడు ఆ పద్యం ఎలా ఎత్తుకుంటాడు, రాగం ఎంతసేపు నిలబెడతాడు, చివరి మాట దగ్గర గొంతు ఎక్కడికి తీసుకెళ్తాడు అని వినడానికే కదా. ఒపేరాకి వచ్చేవాళ్లు కూడా సరిగ్గా అందుకే వస్తారు. కథ నలుగురికీ తెలిసిందే. కథ ఆగిపోయి ఒక్క మనిషి నిలబడి తన బాధ పాడుకునే చోటు ఒకటి వస్తుంది, దాన్ని ఆరియా అంటారు. ఆ చోటు రాగానే నాన్నగారు తనంతట తానే నిటారుగా కూర్చుంటారు చూడండి.

ఇంకో విషయం, గాయకులకు మైకు ఉండదు. స్టేజీ ముందున్న గోతిలో పెద్ద ఆర్కెస్ట్రా మోగుతుంటే, ఒక్క గొంతు దాన్ని దాటి ఆఖరి వరుస దాకా వినిపిస్తుంది. ఆర్కెస్ట్రా శబ్దంలో బలం ఎక్కువగా కింది పౌనఃపున్యాల్లో ఉంటుంది, శిక్షణ పొందిన గొంతు 3000 హెర్ట్జ్ చుట్టుపక్కల బలంగా మోగుతుంది. మన చెవి కూడా అక్కడే బాగా పట్టుకుంటుంది. అందుకే అరవకుండానే వినిపిస్తుంది. మైకులు లేని రోజుల్లో మన నటులు ఊరి చివరి దాకా వినిపించేవారని నాన్నగారు మీకు చెప్పే ఉంటారు, ఆయనకి ఇది నేను వివరించక్కర్లేదు.

భాష గురించి బెంగ వద్దు. పాట సాగుతుంటే దాని అర్థం తెర మీద చూపించే పద్ధతి 1983లో టొరంటోలో మొదలైంది, ఇప్పుడు పెద్ద ఒపేరా హౌసులన్నిటిలో ఉంది. వియన్నాలో ఎవరి సీటు ముందు వాళ్లకి చిన్న స్క్రీన్ ఉంటుంది, ఇంగ్లిష్ పెట్టుకోవచ్చు. కానీ స్క్రీన్ చదువుతూ కూర్చుంటే పాడే మనిషి మొహం చూడలేం. కాబట్టి ముందు రోజు రాత్రి కథ మొత్తం తెలుగులో మీరే చెప్పేయండి, రెండు మూడు ముఖ్యమైన పాటలు ఫోన్‌లో వినిపించండి. హాల్లో ఆ పాట వచ్చినప్పుడు గుర్తుపట్టే ఆనందం వేరు.

ఏది చూడాలంటే, అక్కడ దాదాపు రోజుకొక ఒపేరా మారుతుంది, ఒకే వారంలో నాలుగైదు ఉంటాయి. మీరున్న రోజుల్లో మొజార్ట్ ‘మ్యాజిక్ ఫ్లూట్’ పడితే ఇంకేం ఆలోచించకండి. 1791లో అదే ఊళ్లో మొదటిసారి ఆడింది, తెర లేవగానే రాజకుమారుణ్ని పాము తరుముకొస్తుంది, ఒళ్లంతా ఈకలతో పిట్టలు పట్టేవాడు ఒకడుంటాడు, చందమామ కథలాగే ఉంటుంది కాబట్టి బాబుకీ నచ్చుతుంది. లేదంటే పుచ్చీని ‘లా బొహెమ్’. వాగ్నర్‌వి నాలుగైదు గంటలు సాగేవి ఉంటాయి, మొదటిసారికి అవి వద్దు.

టికెట్లు వాళ్ల సొంత వెబ్‌సైట్‌లోనే కొనండి. ఒపేరా చుట్టుపక్కల మొజార్ట్ కాలం నాటి విగ్గులు, కోట్లు వేసుకుని కొందరు టికెట్లు అమ్ముతుంటారు. అవి టూరిస్టుల కోసం విడిగా పెట్టే కచేరీల టికెట్లు, స్టేట్ ఒపేరావి కావు. తక్కువ ధరకి నిలబడి చూసే టికెట్లు ఉన్నాయి. ముందే వెళ్లి చోటు పట్టుకుని, ముందున్న కమ్మీకి స్కార్ఫ్ కట్టేసి వస్తే అది మీ చోటు అన్నట్టు, ఎవరూ కదపరు. మీరూ మీవారూ నిలబడి చూసి, ఆ మిగిలిన డబ్బులతో నాన్నగారికీ బాబుకీ మంచి సీట్లు తీసుకోవచ్చు. సూట్ తప్పనిసరి కాదు, నిక్కర్లు, హవాయి చెప్పులు మాత్రం వద్దు. నాన్నగారు ఇస్త్రీ పంచె, లాల్చీతో వస్తే ఆ హాలుకే నిండుగా ఉంటుంది.


జేపీనగర్_పద్మజ:

సుధా, వాసు గారు అంతా చెప్పేశారు కానీ వెళ్లే ముందు ఇక్కడే ఒకసారి అలవాటు చేయించమ్మా. బీటీఎం నుంచి రంగ శంకర నాటకశాల ఎంత దూరం! కన్నడ నటుడు శంకర్ నాగ్ గారి జ్ఞాపకార్థం ఆయన భార్య అరుంధతీ నాగ్ గారు కట్టించారు, 2004లో మొదలైంది. సోమవారం తప్ప దాదాపు రోజూ ఏదో ఒక నాటకం ఉంటుంది. మూడొందల పైచిలుకు సీట్లు, ఎక్కడ కూర్చున్నా నటుడి కళ్లు కనిపిస్తాయి.

అక్కడ టైమంటే టైమే. ఏడున్నర షో అంటే ఏడున్నరకి తలుపు వేసేస్తారు, ఆ తర్వాత ఎవరొచ్చినా లోపలికి వదలరు. ట్రాఫిక్ అని బతిమాలినా లాభం లేదు, టికెట్ చేతిలో పెట్టుకుని బయట నిలబడిపోయినవాళ్లని చాలామందిని చూశాను. మొదట్లో కఠినం అనిపిస్తుంది కానీ, లోపల చీకట్లో నాటకం మొదలయ్యాక ఒక్కళ్లు కూడా మన మోకాళ్లు తొక్కుకుంటూ వెళ్లకపోవడం ఎంత సుఖమో కూర్చుంటే తెలుస్తుంది. లండన్, వియన్నాల్లోనూ ఆలస్యంగా వెళ్తే చాలాచోట్ల విరామం వచ్చేదాకా బయట ఆపేస్తారు, కాబట్టి బాబుకి ఈ క్రమశిక్షణ ఇక్కడే పట్టుబడుతుంది. కన్నడ నాటకాలకి తీసుకెళ్లు. నాన్నగారు భాష రాదంటారు కానీ స్టేజీ మీద సగానికి పైగా అర్థమైపోతుంది, అదీ పౌరాణికమైతే మరీ. షో ముందు కింద కెఫేలో టీ, సాబుదానా వడ తీసుకుని కూర్చుంటే నాటకాల వాళ్లే నలుగురు పరిచయమవుతారు. ఆయనకు ఈ ఊళ్లో కావలసింది అదే కదా.

వీలైతే ఒకరోజు మల్లేశ్వరం వైపు చౌడయ్య మెమోరియల్ హాల్‌కి కూడా తీసుకెళ్లు. భవనం మొత్తం ఏడు తీగల వయొలిన్ ఆకారంలో ఉంటుంది, చౌడయ్య గారు వాయించింది ఏడు తీగల వయొలినే మరి. బయట నిలబడి బాబుకి తీగలు, కమాను ఎక్కడున్నాయో వెతకమను.


క్రాయిడన్_శేఖర్:

లండన్ సంగతి నేను చెప్తాను, మారతహళ్లి వదిలి ఇక్కడికొచ్చాక నాటకాల పిచ్చి బాగా పట్టింది. నాన్నగారికి గ్లోబ్ తప్పకుండా చూపించండి సుధ గారూ. షేక్‌స్పియర్ కాలం నాటి నాటకశాలని అది ఉండిన చోటికి దగ్గర్లోనే మళ్లీ కట్టారు, 1997లో తెరిచారు. పాతది 1613లో నాటకం మధ్యలో ఫిరంగి పేలిస్తే కప్పుకి నిప్పంటుకుని కాలిపోయింది. ఇప్పటిదానికీ గడ్డి కప్పే. మధ్యలో పైకప్పు లేదు, ఆకాశమే. లైట్లు ఆర్పరు, నటులు జనం మధ్య నుంచి నడిచొస్తారు, ఎదుటివాళ్ల మొహం చూసి డైలాగ్ చెప్తారు. మన వీధినాటకం చూసినవాళ్లకి అక్కడ కొత్తేమీ ఉండదు, సొంతిల్లులా ఉంటుంది.

స్టేజీ ముందు నిలబడే చోటులో 700 మంది పడతారు, ఆ టికెట్లు 5 పౌండ్లకి కూడా దొరుకుతుండేవి. కానీ అక్కడ కింద కూర్చోనివ్వరు, వాన వచ్చినా ఆట ఆగదు, గొడుగు తెరవనివ్వరు, రెయిన్‌కోటే గతి. కాబట్టి నాన్నగారికి గ్యాలరీ సీటు తీసుకోండి. అవి వట్టి చెక్క బెంచీలు, కుషన్ అద్దెకిస్తారు, తప్పకుండా తీసుకోండి. వీపు ఆనించుకోవాలంటే ఆఖరి వరుస అడగండి, వెనక గోడ ఉంటుంది. మధ్యాహ్నం షో అయితే ఆయనకి అలసట తక్కువ.

వెస్ట్ ఎండ్‌లో (లండన్‌లో పెద్ద థియేటర్లుండే ప్రాంతం) మ్యూజికల్, అంటే పాటల నాటకం, చూడాలనుకుంటే లెస్టర్ స్క్వేర్‌లో టీకేటీఎస్ అని ఒక బూత్ ఉంది, అక్కడ తగ్గింపు ధరకి ఇస్తారు. చవగ్గా వచ్చిందని పై బాల్కనీ మాత్రం కొనకండి. ఆ థియేటర్లలో చాలావి వందేళ్లు దాటినవి, మెట్లు నిట్టనిలువుగా ఉంటాయి, చాలా వాటిలో లిఫ్టు పైదాకా వెళ్లదు. మా కొలీగ్ ఒకాయన తల్లిదండ్రుల కోసం ఏదో రీసేల్ సైట్‌లో కొంటే సరిగ్గా స్తంభం వెనక సీట్లు వచ్చాయి, పాపం ఆ పెద్దావిడ షో అంతా మెడ పక్కకి పెట్టుకునే చూశారు. థియేటర్ సొంత సైట్‌లో అయితే చూపు అడ్డుపడే సీట్లకి ఆ మాట రాసి ఉంటుంది, అది చదివి కొనండి. మోకాళ్ల సంగతి ఫోన్ చేసి చెప్తే మెట్లు లేని దారి, వరుస చివరి సీటు చూసి ఇస్తారు, ఈ విషయంలో ఇక్కడివాళ్లు నిజంగా ఓపిగ్గా సాయం చేస్తారు.

బాబుకి ఒక ఆట చెప్తాను. లండన్ మెట్రోకి 150 ఏళ్లయిన సందర్భంగా 2013లో మార్క్ వాలింజర్ అనే కళాకారుడు 270 స్టేషన్లకి 270 చక్రవ్యూహాలు గీశాడు. నలుపు తెలుపుల్లో, ఎనామెల్ పలక మీద, ఏ రెండూ ఒకలా ఉండవు. లోపలికి వెళ్లే చోట ఎర్రటి ఇంటూ గుర్తు ఉంటుంది, అక్కడి నుంచి వేలు పెట్టి దారి వెంట మధ్యకి వెళ్లి మళ్లీ బయటికి రావచ్చు. పలక మీద నంబరు కూడా ఉంటుంది. మా అమ్మాయి దిగిన ప్రతి స్టేషన్‌లో దాన్ని వెతికేది, రైలెక్కాలంటే ముందు వేలితో ఆ దారి అంతా తిరిగి రావాల్సిందే. ఒక్క పైసా ఖర్చు లేదు.


బీటీఎం_సుధ:

ఇంత ఓపిగ్గా రాసినందుకు మీకందరికీ ఎన్ని థాంక్స్ చెప్పినా తక్కువే. ముందు వియన్నా, తర్వాత లండన్ అని మావారు అప్పుడే మార్చేశారు. మీ జవాబులన్నీ నాన్నగారికి చదివి వినిపించాను. మైకు లేకుండా పాడతారనగానే చేతిలో ఉన్న కాఫీ గ్లాసు పక్కన పెట్టేసి, “ఆ ముక్క మళ్లీ చదువమ్మా” అన్నారు. ఆయన అడగమన్నది ఒకటే: బాగా పాడితే ‘వన్స్ మోర్’ అనొచ్చా, లేక నోరు మూసుకుని కూర్చోవాలా?


ఇందిరానగర్_వాసు:

నాన్నగారు భలే అడిగారు. ఒకప్పుడు అక్కడా మనలాగే పాడిందే మళ్లీ పాడించుకునేవారు. కథ దెబ్బతింటుందని టోస్కనినీ లాంటి ఆర్కెస్ట్రా సారథులు దాన్ని గట్టిగా వ్యతిరేకించారు, మిలాన్‌లోని లా స్కాలాలో అయితే దశాబ్దాల పాటు అది నిషేధంలాగే నడిచింది. 2007లో హువాన్ డియేగో ఫ్లోరెజ్ అనే పెరూ గాయకుడు అక్కడ ఒక ఆరియా పాడాడు. టెనర్ (మగవాళ్లలో పైస్థాయి) గొంతుకి అందీ అందని పైస్వరాన్ని అందులో తొమ్మిదిసార్లు పట్టుకోవాలి. జనం చప్పట్లు ఆపకపోతే, మొత్తం మళ్లీ పాడాడు. మన దగ్గర కూడా ఈ వాదన ఉన్నదే కదా, వన్స్ మోర్ వల్ల నాటకం పాడవుతుందని ఒకళ్లు, అదే నాటకానికి ప్రాణమని ఒకళ్లు. నేను రెండోవాళ్ల పక్షం.

వియన్నాలో ఆరియా అయిపోగానే చప్పట్లు కొట్టొచ్చు, ‘బ్రావో’ అని గట్టిగా అనొచ్చు, అంటారు కూడా. ఆఖరి స్వరం పూర్తిగా ఆగేదాకా ఆగితే చాలు. సింఫనీ కచేరీకి వెళ్తే మాత్రం భాగానికీ భాగానికీ మధ్య కొట్టకూడదు, మొత్తం అయ్యాకే.


వైట్‌ఫీల్డ్_కిరణ్:

అందరూ మంచి విషయాలే చెప్పారు కానీ నాదొక మాట అక్కా. అన్నీ ఒకే ట్రిప్‌లో కుక్కేయకండి. పగలంతా తిరిగి, సాయంత్రం పెద్దాయన్ని మూడు గంటలు హాల్లో కూర్చోబెడితే ఎంత గొప్ప గొంతైనా నిద్రపుచ్చేస్తుంది. ఒపేరా ఉన్న రోజు మధ్యాహ్నం భోజనం చేసి గదిలో పడుకోవాలి, అంతే. ఊరికి ఒక్క షో చాలని నా అభిప్రాయం.

మిగతా రోజుల్లో వీధులే చూడండి. టికెట్ లేకుండా, క్యూ లేకుండా, టైమ్ లేకుండా చూసే కళ అది. వియన్నాలో హండర్ట్‌వాసర్ హౌస్ అని ఉంది. 1985లో పూర్తయింది, 52 ఇళ్ల సముదాయం, ఒక్క కిటికీ ఇంకోదానిలా ఉండదు, నేల కూడా ఎగుడుదిగుడుగా చేశారు, కిటికీల్లోంచి చెట్లు బయటికొస్తాయి. నాకు నచ్చిందేమిటంటే అది డబ్బున్నవాళ్ల బంగళా కాదు, ఊరి కార్పొరేషన్ కట్టించి మామూలు జనానికి అద్దెకిచ్చిన ఇళ్లు. ఇప్పటికీ కాపురాలున్నాయి కాబట్టి లోపలికి వెళ్లనివ్వరు, బయట నుంచి చూడాలి.

బాబుకి దీని మీద ఆసక్తి పుట్టాలంటే మన ఊరి కథ ముందు చెప్పండి. 2015లో సుల్తాన్‌పాళ్యలో రోడ్డు మధ్య నీళ్లు నిండిన పెద్ద గుంతలో బాదల్ నంజుండస్వామి అనే కళాకారుడు నిలువెత్తు ఫైబర్ మొసలిని పెట్టాడు. ఎన్నాళ్లుగానో పట్టించుకోని గుంతని ఆ తర్వాత పూడ్చారు. 2019లో చంద్రయాన్-2 చంద్రుడి మీద దిగబోయే ముందు, వ్యోమగామి వేషం వేయించి మనిషిని మన రోడ్డు గుంతల్లోనే చంద్రుడి మీద నడిచినట్టు నడిపించాడు. వీధిలో పెట్టిన బొమ్మ వీధిని మార్చగలదని పదేళ్ల పిల్లాడికి దీనికంటే బాగా ఎవరూ చెప్పలేరు. ఆ వీడియో చూపించి తీసుకెళ్లండి, అక్కడ ప్రతి బొమ్మ దగ్గరా ఇది ఎందుకు పెట్టారని వాడే అడుగుతాడు.


బీటీఎం_సుధ:

కిరణ్, చాలా మంచి మాట చెప్పావు తమ్ముడూ. ఊరికి ఒక్క షో అనే ఖాయం చేసుకున్నాం, వియన్నాలో ఒపేరా, లండన్‌లో గ్లోబ్ మధ్యాహ్నం ఆట. పద్మజ గారూ, ఈ శనివారం రంగ శంకరకి టికెట్లు తీసుకున్నాను, ముగ్గురం వస్తున్నాం. నాన్నగారికి ఏ వరుస అయితే మెట్లు తక్కువ?


జేపీనగర్_పద్మజ:

ఆన్‌లైన్‌లో కొన్నా ఫర్వాలేదు, కొంచెం ముందొచ్చి తలుపు దగ్గరుండే పిల్లలకి మోకాళ్ల సంగతి చెప్పు, ముందుగా లోపలికి పంపి సుఖంగా ఉండే చోట కూర్చోబెడతారు. ఆరున్నరకల్లా ఇక్కడుండేలా బయల్దేరండి, శనివారం సిల్క్ బోర్డు జంక్షన్ వైపు రావద్దు. నేను కెఫే దగ్గరే ఉంటాను, నాన్నగారిని కలవాలని ఉంది. ఒక పద్యం పాడమని అడుగుతానని ముందే చెప్పి ఉంచు.